తనిఖీ దొరల ఆసుపత్రి

అఫ్ఘనిస్తాన్, 4 మార్చి 2005

లీలకు యేసురాజు వందనాలు. నేను క్షేమం. నువ్వూ, మన పాప జెన్నీ క్షేమమని తలుస్తాను.

యుద్ధంలో కూలిన ఆసుపత్రి తిరిగి కట్టడానికి కదా మేస్త్రిగా వచ్చాను! గోడలు కిటికీల మట్టానికి లేచాయో లేదో పని ఆపించేశారు. డబ్బిచ్చిన పరాయి దేశపు ప్రభుత్వం ఖర్చు చూడ్డానికి తనిఖీ ఆఫీసర్లను పంపుతోందట. వాళ్ల బసకి గెస్ట్‌హౌసు కావాలట. ఇటుకా సిమెంటూ అంతా అటే మళ్లింది. నేను బాత్రూములకు పాలరాయి పరుస్తుంటే ఈ ఊరి డాక్టరమ్మ ఎదురుగా డేరాలో కాన్పులు చేస్తోంది. ఆవిడ వైపు చూడలేకపోతున్నాను.

నీ యేసురాజు

తా.క.: ఆసుపత్రికి ఆరు గదులు. గెస్ట్‌హౌసుకు పన్నెండు. వచ్చే ఆఫీసర్లు నలుగురు.

నర్సీపట్నం, 27 మార్చి

ఏమండీ, ఇక్కడ మేం కులాసా.

మీ ఉత్తరం తోవలో ఎక్కడో తడిసింది. ఆసుపత్రి, పాలరాయి, పన్నెండు గదులు అన్న మాటలే కనిపించాయి. ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పేశాను. పాస్టరుగారు ప్రత్యేక ప్రార్థన చేశారు. పక్కింటి లోవలక్ష్మి పిన్ని, "ఏటే, అంత పెద్దాసుపత్రా! నా మోకాళ్లు బేగి సూపించుకోవాల. మీ ఆయనకి రాసీయే" అంది. పాస్‌పోర్టు ఫోటో కూడా తీయించుకుంది.

మీ లీల

తా.క.: ఫోటోలో మోకాళ్లు పడాలని పట్టుబట్టింది. పంపుతున్నాను.

అఫ్ఘనిస్తాన్, 20 ఏప్రిల్

లీలా, మోకాళ్లు అందాయి. పిన్నిని ఆపు! అది ఆసుపత్రి కాదు, ఆఫీసర్ల బస.

వాళ్లు వచ్చారు. గేటు దాటితే ప్రమాదమని వాళ్ల రూలు. అందుకని ఆసుపత్రిని ఫోటోల్లోనే తనిఖీ చేశారు. కాంట్రాక్టరు గెస్ట్‌హౌసునే నాలుగు వైపులా తీయించి ఇచ్చాడు. పెద్దాఫీసరు నన్ను పిలిపించి, "బాగా కట్టావు. లోపలెలా ఉంటుంది?" అన్నాడు.

నేను వచ్చీరాని హిందీలో, "మీరు కూర్చున్నది దాన్లోనే సార్" అన్నాను.

దుబాసీ ఏం చెప్పాడో గానీ, అందరూ నవ్వి 'ఆసుపత్రి పూర్తయినది' అని సంతకాలు పెట్టారు.

నీ యేసురాజు

తా.క.: ఆసుపత్రి లెక్కల్లో పాలరాతి బాత్రూము చూసి ఒకాయన 'దుబారా' అని రాశాడు. అందులోంచి అప్పుడే వచ్చి రాశాడు.

నర్సీపట్నం, 12 మే

ఏమండీ, నేను దేవుని గుడిలో అబద్ధం చెప్పినట్టే కదా? నాకు అన్నం సయించడం లేదు. ఆ మాట నిజం చేయండి, లేదా వచ్చేయండి.

మీ లీల

తా.క.: పిన్నికి జరిగిందంతా చెప్పాను. "సంతకాలయిపోనాక ఆసుపత్రి కాదంటే ఎలాగే? ఆల్లే ఒప్పుకున్నారు గదా!" అంటోంది. మతి పోయినట్టుంది.

అఫ్ఘనిస్తాన్, 9 జూన్

లీలా, పిన్నికి నా దండాలు. ఆ మాట చదివి నేను కాంట్రాక్టరు ఆఫీసులోంచి ఆ రిపోర్టు నకలు ఫోటోలతో సహా తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. గెస్ట్‌హౌసు గోడ మీద, ఆవిడ రాసిచ్చినట్టే, ఈ ఊరి లిపిలో 'ఆసుపత్రి' అని చెక్కాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ నొప్పులు పడుతున్న పిల్లని మంచంతో సహా మోయించుకొచ్చింది.

"ఇది మా బస!" అని, మిగతా లెక్కల తనిఖీకని ఇంకా ఇక్కడే ఉన్న పెద్దాఫీసరు అరిచాడు.

డాక్టరమ్మ ఆయన సంతకం ఆయనకే చూపించింది. అది తప్పంటే రిపోర్టంతా తప్పే. ఆయన తన పెట్టె తనే మోసుకుని బయటికొచ్చాడు. మధ్యాహ్నానికి ఆయన గదిలో ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడుపు వింటూ నేను గోడకానుకుని కూర్చుండిపోయాను.

వచ్చే వారం బయల్దేరుతున్నాను.

నీ యేసురాజు

తా.క.: కాంట్రాక్టరు నన్ను తీసేశాడు. కారణం రాయడానికి పెన్ను పట్టుకుని గంట సేపు కూర్చున్నాడు. చివరికి 'పని సంపూర్ణంగా ముగిసినందున' అని రాశాడు.