క్రేన్‌లో నిమ్మకాయ

మల్లన్నా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. సీబ్ సైట్‌లో నీ క్రేన్ మీదికి సలీం అనే ఒమానీ వచ్చి మూడు నెలలైంది. అతన్ని పాత కంపెనీ తీసేసిందట. ఇలా పని పోయిన ఒమానీలను పెట్టుకుంటే కొంత జీతం ఇక్కడి సర్కారే ఇస్తుంది. నేర్పే డ్యూటీ నాది. అతనికి పని వచ్చేస్తే నన్ను ఇంటికి పంపుతారు.

దిష్టికని నువ్వు క్యాబిన్‌లో కట్టిన నిమ్మకాయ ఎండి నల్లబడింది. ఇక్కడివాళ్లు అలా ఎండినవి చాయ్‌లో వేసుకుంటారు. పొద్దున సలీం దాన్నే మరిగించి తెచ్చాడు.

"పియో భాయ్. నీ దోస్త్ మనకోసమే దాచినట్టున్నాడు."

దిష్టి నిమ్మకాయ తొక్కితేనే తిట్టేవాడివి. నేను కప్పంతా తాగి, "అచ్ఛా హై" అన్నాను.

రేపటి నుంచి ఆ క్రేన్ అతనొక్కడే నడుపుతాడు. సాయంత్రం కొత్త నిమ్మకాయ కొని, నువ్వు కట్టిన చోటే కట్టాను.