మరిది పరిచిన మట్టి

నా బంగారు తల్లికి అమ్మ దీవెనలు.

నేను కులాసా. మోకాలు అప్పుడప్పుడు అలుగుతుంది, బతిమాలుకుని తిరుగుతున్నాను. మీరిద్దరూ, పాపా బాగున్నారని చదివి మనసు కుదుటపడింది.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది తేలిక. చేపలతో పాటు మొక్కలు పెంచే గాజు తొట్టికి అడుగున ముందు పోషకాల మట్టి పరుచు. ముందువైపు పల్చగా, వెనక్కి వెళ్లేకొద్దీ ఎత్తుగా ఉండాలి. దాని మీద కడిగిన సన్న గులకరాళ్లు. నీళ్లు పోసేటప్పుడు పళ్లెం ఒకటి పెట్టి దాని మీద మెల్లగా పోయాలి, లేకపోతే బురదే మిగులుతుంది. చేపలు వెయ్యడానికి తొందరపడకు. కొత్త మట్టి మొదట్లో నీళ్లలోకి విషం వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లైటు వెలిగినంతసేపే తెరువు. చీకట్లో మొక్కలు ఆ గ్యాసు తీసుకోవు, చేపలకు మాత్రం ఊపిరాడదు. గ్యాసు ఎంతుందో తెలియడానికి లోపల అతికించే చిన్న గాజు బుడ్డిలో నీళ్లు ఆకుపచ్చగా ఉంటే సరిపోయినట్టు. నీలంగా ఉంటే చాలనట్టు. పసుపైతే ఎక్కువైనట్టు, పరిగెత్తి కట్టెయ్.

ఇక రెండోది. "అమ్మా, బాబాయి ఫోన్ చేసి ఏడ్చాడు. ఏం చేశావు?" అని అడిగావు.

నాన్న పోయాక చేపల తొట్ల దుకాణం బాబాయీ నేనూ పంచుకున్నామని అప్పుడు నీకు చెప్పాను. పంచుకోలేదు. ఒక పొద్దున వెళ్లేసరికి తాళం మారింది. నేనూ నాన్నా తొట్టి తొట్టి పేర్చుకున్న దుకాణం ముందు నిలబడి ఇదేమిటని అడిగితే, వీధి వీధంతా వినేలా మీ బాబాయి అన్నాడు: "చేపలకు మేత వెయ్యడం తప్ప నీకేం వచ్చు వదినా? ఇంటికెళ్లి కూర్చో." నాన్న పనిముట్ల పెట్టె అప్పటికే వానలో, రోడ్డు పక్కన ఉంది. నువ్వు పరీక్షల్లో ఉన్నావు. అందుకే నీ దగ్గర దాచాను.

పోయిన నెల కొత్త హోటల్ మేనేజరమ్మ, నేను ఇంటింటికీ వెళ్లి తొట్లు బాగుచేస్తానని ఎవరో చెబితే, ఫోన్ చేసింది. "చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండీ, తొందరగా రండి." వాళ్ల లాబీలో గోడంత తొట్టి. పెట్టింది మీ బాబాయి. వెళ్లేసరికి ఇస్త్రీ చొక్కాతో దాని ముందు చెమటలు కక్కుతున్నాడు. నన్ను చూసి మొహం మాడిపోయింది.

ముందు గ్యాసు కట్టి, గాలి గొట్టం వేశాను. కొన్ని బతికాయి. తర్వాత అడుగు చూశాను. మట్టి నామమాత్రంగా చల్లి పైన రంగురాళ్లు కుమ్మరించాడు. వేళ్లకు చోటేది? ఆకులు కరిగిపోతుంటే గ్యాసు పెంచి, రాత్రంతా తెరిచే ఉంచాడు.

"మొత్తం తీసి మళ్లీ పరవాలి" అన్నాను.

"మనుషుల్ని పిలిపిస్తా" అన్నాడు.

"మనుషులెందుకు మరిదిగారూ? పరిచిన చేతులున్నాయిగా."

"వదినా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ రోజు మాత్రం చూడలేదా?"

మేనేజరమ్మ పక్కనే నిలబడింది. ఇంకేం చేస్తాడు? చొక్కా చేతులు మడిచి మోచేతుల దాకా ముంచి బురద తోడాడు. నేను కుర్చీలో కూర్చుని టీ తాగాను. "ఆ మూల వదిలేశావు" అని వేలు చూపించాను. మూల శుభ్రంగానే ఉంది. అయినా మళ్లీ తోడాడు.

చివర్లో మేనేజరమ్మ అడిగింది: "నిజం చెప్పండి, ఈయనకు అసలు పని వచ్చా?"

"చేపలకు మేత వెయ్యడం వచ్చండి" అన్నాను.

ఆ పని నాకిచ్చారు. ఆ మాట ఊరంతా పాకి, అతని గిరాకీ ఒక్కొక్కటే జారిపోతోంది. అందుకే ఆ ఏడుపు.

నన్ను మెచ్చుకునేలోపు ఇదీ చదువు. ఆ ముందు రోజు సాయంత్రం నేను ఆ హోటల్ మీదుగానే వచ్చాను. హోటల్ అద్దాల తలుపులోంచి తొట్టిలోని గాజు బుడ్డి పసుపుగా కనిపించింది. తలుపు తీసి ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఒక చిన్న చేప పైకి ఎగబాకి నోరు తెరుస్తుంటే, రేపటితో ఇతని పని అయిపోతుందని కడుపు నిండినంత సంబరం వేసింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. మర్నాడు చచ్చినవాటిని వలతో తీసింది నేనే. బకెట్ నిండింది. వాటికీ నాకూ ఏం పగ? అది తొలిచేస్తోంది తల్లీ. అతని ఏడుపు మాత్రం ఏమీ చెయ్యడం లేదు.

నిన్న గుమ్మంలోకి వచ్చాడు. "చెల్లుకు చెల్లు వదినా, ఇక మరిచిపోదాం" అన్నాడు.

"ఆ చేపల పాపం నాది, నేను మోస్తాను. నువ్వు చేసింది నువ్వు మొయ్యి" అని తలుపు వేశాను.

"ఒక్కసారి క్షమించమ్మా" అని రాశావు. నీకు అతను బాబాయి. పిలుచుకో, అన్నం పెట్టు, నేను అడ్డురాను. అతనున్న పూట మాత్రం నన్ను రమ్మనకు. నాన్న పోయాక పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపింది ఆ కోపమే. దాన్ని ఇప్పటికిప్పుడు బయటికి పొమ్మనలేను.

ఇట్లు,
నిన్ను ఏమీ దాచకుండా ప్రేమించే
మీ అమ్మ