తీరినవి

ప్రియమైన లెక్కల బావకి,

ఆఫీసు మెయిల్లో అడిగితే ఏడు ఊళ్ళవాళ్ళూ చదివి నవ్వుకుంటారని కాగితం మీద రాస్తున్నాను. మీ ఉమ్మడి కార్యాలయం పంపిన పట్టిక అందింది. ఏడు పురపాలక సంఘాలు ఒకరి పని ఒకరు పోల్చి చూసుకుని బాగుపడదామని చేతులు కలిపాయి. అందులో మా ఊరు ఏడోది. మున్సిపల్ ఇళ్ళ లిఫ్టుల మరమ్మతులో మాకంటే కింద ఎవరూ లేరు. ఉంటే కనీసం వాళ్ళను చూసి ఓదార్చుకునేవాళ్ళం.

మా కమిషనర్ ఆ పట్టికను నా బల్ల మీద పరిచి, "వచ్చేసారి కూడా ఇక్కడే ఉంటే మీ విభాగాన్ని కాంట్రాక్టుకి ఇచ్చేద్దామమ్మా" అన్నాడు. కాఫీ తాగుదామన్నంత మామూలుగా అన్నాడు. తలుపు అవతల నా మెకానిక్కులు విన్నారు. ఆ మధ్యాహ్నం ఒక్కడూ అన్నం డబ్బా తెరవలేదు. పెద్ద మెకానిక్కుకైతే ఈ పని తప్ప ఇంకోటి రాదు. నా సంగతి సరేసరి, నన్ను ఏ ఆఫీసు మూలన పడేస్తారో కూడా తెలియదు.

మా లిఫ్టులన్నీ ముసలివి బావా. ఇది ఏం పోలికో మీరే చెప్పాలి, రూళ్ళు రాసింది మీరే కదా.

అక్క బాగానే ఉంది. కాల్లో వేసిన రాడ్డు దగ్గర పుండు ఇంకా మానలేదు. వారం వారం ఆస్పత్రికెళ్ళి కట్టు మార్పించుకుంటోంది. మున్సిపాలిటీ ఇచ్చిన కొత్త ఇంట్లో సర్దుకుంది. "బావ ఇంకా ఈ ఇల్లే చూడలేదే" అంటే, "ఆయనకు ఏడు ఊళ్ళు చూసుకునే పనుంది, ఒక ఇల్లేం చూస్తారు" అంది. తిట్టిందో మెచ్చుకుందో మీరే తేల్చుకోండి.

మీ పెంకి మరదలు

*

ప్రియమైన పెంకి మరదలికి,

నీ ఏడుపుగొట్టు ఉత్తరం చేరింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముసలి లిఫ్టుల మీదికి తోశావు. ఒకటో స్థానంలో ఉన్న ఊరి లిఫ్టులు మీవాటికి తాతలు. మరి వాళ్ళెలా గెలిచారంటావా, వాళ్ళు లిఫ్టులు బాగుచేయలేదు. రూలు చదివారు.

'తీరినవి' అనే గడికి నేనిచ్చిన అర్థం చూడు. లిఫ్టు నడిస్తే ఫిర్యాదు తీరినట్టు. ఫిర్యాదు చేసిన మనిషికి మూడుసార్లు ఫోన్ చేసినా తీయకపోతే, అప్పుడు కూడా తీరినట్టే. అవసరం ఉన్నవాళ్ళు ఫోన్ తీస్తారు. తీయలేదంటే అవసరం లేదనే కదా. ఆ ఒక్క వాక్యం కోసం ఏడు ఊళ్ళ ఇంజనీర్లతో కొట్లాడి నెగ్గాను. అందులో కామా కూడా నాదే.

కాబట్టి స్పానర్లు పక్కన పెట్టించి నీ మెకానిక్కుల చేత ఫోన్లు చేయించు. పనికి పోయేవాళ్ళకు పని వేళ చేయాలి. తల్లులకు పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే వేళ చేయాలి. ఇది మోసమేమో అని ముఖం అలా పెట్టకు. రూలు రాసినవాణ్ణి చెబుతున్నాను, మోసం కాదు.

మీ అక్కతో ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటి నుంచి గంటసేపు ఫోన్లో మాట్లాడతాను, ఎంత పనున్నా మానను. ఈ మధ్య మనిషిలో మంచి మార్పొచ్చింది. అడ్డు తగలకుండా వింటోంది. ఇల్లెలా ఉందంటే గాలి బాగా వస్తుందని చెప్పింది.

నీ లెక్కల బావ

*

ప్రియమైన బావకి,

మీ మందు పనిచేసింది. ఏడు నుంచి మూడుకొచ్చాం. కమిషనర్ నన్ను 'అమ్మా' అనడం మానేసి 'మేడమ్' అంటున్నాడు. పెద్ద మెకానిక్కు రోజంతా ఫోన్ దగ్గరే ఉంటున్నాడు. "నా గొంతు బాగుంటుందని ఇన్నాళ్ళకు తెలిసింది మేడమ్, చేతులకే ఏం తోచడం లేదు" అంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక టీ తెప్పించాను.

ఒక్కటి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒక బ్లాకులో లిఫ్టు మోటారు కాలిపోయింది. కొత్తదానికి ఆర్డరు పెట్టాను, రావడానికి నెలలు పడుతుంది. పై అంతస్తులో ఒకామె ఉంది. కాలు బాగాలేదు, మెట్లు దిగలేదు, కానీ ఆస్పత్రికి వెళ్ళక తప్పదు. మావాళ్ళు రెండుసార్లు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి దించారు. రెండోసారి ఒకడి నడుం పట్టేసింది. నా కోసం ఇంకొకరి నడుం విరగొద్దు అని ఆమే ఆపించేసింది. ఆమెకు ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి రింగుకే తీస్తుంది. కదలలేని మనిషి, పక్కన ఫోన్ తప్ప ఏముంది?

ఆ ఫిర్యాదు నెలల తరబడి అలా తెరిచి ఉంటే మా సగటు మునుగుతుంది, దాంతోపాటు మేమూ మునుగుతాం. మూయడానికి నాకు చేతులు రావడం లేదు. ఏం చేయమంటారో చెప్పండి. ఆమెను మనింటి మనిషి అనుకుని రాయండి బావా, తొందరేం లేదు, ఆలోచించే రాయండి.

మీ పెంకి మరదలు

*

ప్రియమైన మరదలికి,

ఆలోచించేదేముంది, వెంటనే రాస్తున్నాను. పట్టికలో మనింటి మనిషి, పక్కింటి మనిషి అని గడులుండవు. నువ్వు అధికారివా, ఆమెకు ఆడపడుచువా? ఆమె మొగుడో కొడుకో ఎవడో ఉండే ఉంటాడు కదా, వాడికి పట్టని బాధ నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ప్రతి మనిషికీ ఫోన్ తీయలేని వేళ ఒకటుంటుంది. లైను బిజీగా ఉన్నా రూలు ప్రకారం తీయనట్టే. ఆ మాట చివర్లో నేనే చేర్చాను, ఇలాంటి జిడ్డుగాళ్ళ కోసమే. కదలలేని ఆడమనిషి అంటున్నావు. ఎవరో ఒకరితో గంటలు గంటలు సోది పెట్టుకుని కూర్చుంటుంది. ఆ వేళ కనుక్కో. మూడుసార్లు చేయించు. తీరిపోతుంది. కాగితం మీద మూసేయ్, మోటారు వచ్చినప్పుడు వస్తుంది.

మనసు రాకపోతే నీ మెకానిక్కుల అన్నం డబ్బాలు గుర్తు తెచ్చుకో.

నీ లెక్కల బావ

*

ప్రియమైన బావకి,

మీరు చెప్పినట్టే ఆ వేళ కనుక్కున్నాను. పెద్ద కష్టం కాలేదు, నాకు ముందే తెలుసు. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ బిజీ. 'తీరింది' అని నా చేత్తోనే రాశాను.

ఒక చిన్న కోరిక. వచ్చే ఆదివారం అక్కతో మాట్లాడేటప్పుడు మీరు కాస్త తగ్గి, ఆమెను మాట్లాడనివ్వండి. ఆమె వినడం నేర్చుకుందని మురిసిపోయారు, ఒక్కసారి మీరూ వినండి.

మీ మరదలు

*

ప్రియమైన ఒకటో స్థానం మరదలికి,

అభినందనలు. పట్టిక నా చేతుల మీదుగానే అచ్చుకెళ్ళింది. మీ ఊరు మొదటిది. ఏడు ఊళ్ళ మేయర్ల ముందు బహుమతి ఇచ్చేది కూడా నేనే, మంచి చీర కట్టుకుని రా. మా వాళ్ళతో చెప్పాను, నా మరదలే, నా శిక్షణే అని. ఈర్ష్యతో మాడిపోయారు.

నువ్వు రాశావని ఆ ఆదివారం మీ అక్కను ఏవైనా విశేషాలున్నాయా అని అడిగాను. "ఒక మాట చెప్పాలి" అని మొదలుపెట్టింది. అప్పుడే మీ ఊరి స్థానం సంగతి గుర్తొచ్చి, నీ మాట తర్వాత చెబుదువుగానిలే అని ముందు ఆ వార్త చెప్పేశాను. అది విని తను ఫోన్ పెట్టేసింది. చెల్లెలు గెలిచిన సంతోషంలో తన మాట మరిచిపోయిందేమో. ఆ తర్వాతి ఆదివారాలు ఫోన్ చేస్తే తీయలేదు. అలిగిందో ఏమో, ఒకసారి వెళ్ళి చూసి రా.

నీ లెక్కల బావ

*

బావగారికి,

చూసి వచ్చాను. అక్క ఆస్పత్రిలో ఉంది. మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

లిఫ్టు ఆగిన బ్లాకు అక్క ఉండేదే. ఆరో అంతస్తు, గాలి బాగానే వస్తుంది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "ఆయన రాసిన రూలుకి ఆయన పెళ్ళామే అడ్డుపడిందని ఏడు ఊళ్ళూ అనుకుంటాయి" అంది. నేను చెప్పకుండా ఆగింది ఆ ఒట్టు కోసం కాదు. మనింటి మనిషి అనుకుని రాయమంటే మీరేం రాస్తారో చూద్దామనుకున్నాను. చూశాను. ఆ కోపంలో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మా పెద్ద మెకానిక్కు చేత ఫోన్ చేయించాను. లైనులో సోది పెట్టుకుని ఉన్నది మీరే.

కాగితం మీద మూస్తే కాగితం మీదే ఉంటుందని నమ్మాను. తీరిందని రాసిన మర్నాడే స్టోర్సు వాళ్ళు మోటారు ఆర్డరు రద్దు చేశారు. తీరిన ఫిర్యాదుకు మోటారెందుకని అడిగారు. అదీ మీ రూలే, నేను చదవని పేజీలో ఉంది. మళ్ళీ ఫిర్యాదు పెడితే మళ్ళీ వరసలో చివర. ఇంటికొచ్చి కట్టు మార్చే నర్సు కోసం అక్క పెట్టిన అర్జీ కూడా ఎప్పుడో తీరిపోయిందట. వాళ్ళ విభాగం కూడా మీ పట్టికలో మొదటి స్థానమే, వాళ్ళూ రూలు చదివారు. కట్టు మారక పుండు లోలోపల కుళ్ళింది. నేను వెళ్ళినప్పుడల్లా అక్క దుప్పటి కప్పుకుని, బాగానే ఉందంటూ నా ఉద్యోగం గురించి అడిగేది.

నేను మంచిదాన్నని రాయడం లేదు. మెకానిక్కుల ఉద్యోగాలు నిలబడ్డాయి, నాదీ నిలబడింది. పెద్ద మెకానిక్కు విషయం తెలిసి నాకు నమస్కారం పెట్టడం మానేశాడు. బహుమతి సభకు వస్తున్నాను. మా కమిషనర్ దండ కూడా తెప్పించి పెట్టాడు. మీ చేత్తో ఇవ్వండి, నా చేత్తో తీసుకుంటాను, ఇద్దరం ఒక ఫోటోలో ఉండాల్సినవాళ్ళమే.

అక్క నా ముఖం చూడడం లేదు. గోడవైపు తిరిగి ఒక్క మాట చెప్పింది, మీకు రాయమంది. ఆదివారం ఆరింటికి ఎప్పటిలాగే ఫోన్ చేయమంది. ఫోన్ దిండు పక్కనే ఉంటుందట, ఎవరితోనూ మాట్లాడుతూ ఉండదట. మూడుసార్లు పూర్తిగా మోగనివ్వమంది. తను తీయదు. ఆ తర్వాత, మొగుడితో ఉన్న అవసరం తీరిందని మీ పట్టికలో రాసుకోమంది.

ఇట్లు,
లిఫ్టుల మరమ్మతుల విభాగం అధికారి