గుడ్ల బండి పెట్రోలుదే కొను

చిన్నోడా, మీ అక్క ఇంట్లో కులాసాగా ఉన్నాను. కంటి కట్టు విప్పారు, ఎదురింటి తలుపు తాళం కూడా కనిపిస్తోంది. నేను చెప్తుంటే నీ మేనకోడలు రాస్తోంది.

సోమవారం గుడ్ల బండి ఖాయం చేస్తానన్నావు. డీజిల్‌ది కొనమని నీ ప్రాణం తీసింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. నవ్వకు. నిన్న ఆసుపత్రి నుంచి రొట్టెల వ్యాన్‌లో వస్తుంటే అది నడివీధిలో ఆగిపోయింది. కొత్త బండికి ఇదేం రోగమని డ్రైవర్ని కడిగేశాను. "నన్నేం చేయమంటావు మామ్మా? డీజిల్ బండి దూరాలు పరిగెత్తాలి. నేను కొట్టు కొట్టుకీ ఆపుతుంటే పొగగొట్టంలో మసి పేరుకుపోతోంది" అన్నాడు. నీదీ అదే తిరుగుడు కదా, ఊరు దాటకుండా ముప్పై కొట్లు. ఖర్చు కాస్త ఎక్కువైనా పెట్రోలుదే తీసుకో. నా మాట విను.

కోళ్ల షెడ్డు వలకు పడ్డ చిల్లు కుట్టించావా? ఆ పిల్లి ఊరుకోదు. కోడలికీ పిల్లలకీ నా దీవెనలు.

ఆదివారం నన్ను తీసుకెళ్లడానికి కొత్త బండిలోనే రా. ముందు సీటు నాది. దాని మీద గుడ్ల ట్రే పెట్టుకొచ్చావంటే వీధి మలుపులోనే పట్టేస్తాను, ఇప్పుడు నాకు కళ్లున్నాయి.

మీ అమ్మ