ఫ్యాను ఆపిన ఇళ్ళు

తెనాలి,
ఆదివారం.

అక్కయ్యకి తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీ అత్తగారి పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, రేపల్లెలో మీ ఇల్లు బోసిగా ఉండి ఉంటుంది. బావగారిని వేళకి తినమను. నీ ఉత్తరానికి ఫోనులోనే జవాబు చెప్పొచ్చుగా అనుకుంటున్నావేమో. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏదో అడుగుతావు, నేను మళ్ళీ నోటికొచ్చిన అబద్ధం చెప్పేస్తాను. అందుకే కాగితం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ మరదలు శిల్పకి మోకాలి నొప్పి తగ్గింది, నా మీద అరవడానికి ఓపిక వచ్చింది. బాపట్లలో మీ అమ్మాయి హాసిని కొడుక్కి నువ్వు కుట్టమన్న జుబ్బాలు అయ్యాయి. నాన్న మిషను మీదే కుట్టాను గానీ ఆయనంత నీటుగా రాలేదు, చంకల్లో కాస్త బిగుతు. ఇక, నాన్న ఆ చావు ఇళ్ళలో ఏమని మాట్లాడేవాడో రాసి పెట్టమన్నావు, మనవడు పెద్దయ్యాక చెప్పుకోవాలని. రాస్తున్నాను.

అమ్మ పోయిన రోజు నీకు పదకొండేళ్ళు, నాకు ఏడు. అందరూ ఏడుస్తుంటే నాన్న లేచి ఫ్యాను ఆపి, అమ్మ రెప్పల మీద తడి దూది పెట్టాడు. గాలికి కళ్ళు ఎండిపోతాయని, దానమిచ్చేవి ఆరు గంటల్లోపు తీసుకోవాలని మనకప్పుడేం తెలుసు? అమ్మకి ఉక్కపోస్తుందని నేను గొడవ చేశాను. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళకు పైగా ఆయనకదే పని. ఎవరో పోయారని కబురొస్తే కత్తెర అక్కడే పడేసి, మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి సైకిలెక్కేవాడు. కళ్ళు ఇవ్వమని అడిగినందుకు చొక్కా పట్టుకుని గెంటినవాళ్ళున్నారు. గెంటినా వీధిలో నిలబడి, పాడె లేచేటప్పుడు తనూ ఓ భుజం పట్టి వచ్చేవాడు. అంత తిరుగుడులోనూ నీకు జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. ప్రతి ఆదివారం పాసింజరెక్కి బాపట్లలో నీ హాస్టలుకి గోంగూర పచ్చడి మోసుకొచ్చాడు.

పెద్దయ్యాక నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఆయన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. "పది నిమిషాల పనండి. మొహంలో తేడా ఏం కనపడదండి. ఇద్దరికి చూపొస్తుందండి." ఎవరి శవం దగ్గరైనా గడగడా అప్పజెప్పేవాణ్ణి.

పోయిన ఉత్తరంలో నువ్వేం రాశావో గుర్తుందా? "అత్తయ్య పోగానే ఇంట్లో అందరూ వద్దన్నారు. నాన్న పోయిన రోజు నువ్వు నిలబడ్డ తీరు తల్చుకుని, నేనే లేచి ఫ్యాను ఆపాన్రా తమ్ముడూ" అన్నావు. అక్కడ ఆగిపోయాను. అన్నం సహించలేదు. శిల్ప ఏమైందంటే కడుపులో బాగాలేదన్నాను.

అక్కయ్యా, నాన్న కళ్ళు ఎవరికీ ఇవ్వలేదు.

ఆయన తెల్లవారుజామున ఐదింటికి పోయాడు. నువ్వు బాపట్లలో హాసిని పురుటి దగ్గర ఉన్నావు. ఫ్యాను ఆపాను, తడి దూది పెట్టాను. అంతవరకూ నాన్న కొడుకునే. ఐ బ్యాంకు యాసిన్‌కి ఫోను చెయ్యబోతుంటే ప్రకాశరావు బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, మా అన్నయ్యని కళ్ళు పీకించి పంపిస్తావంట్రా? నలుగురూ ఏమనుకుంటారు? ఉక్కకి చస్తున్నాం, ముందా ఫ్యాను వెయ్యి" అన్నాడు.

అంతా బాబాయి మీదకి తోసెయ్యొచ్చు. కానీ ఆయన అరిచాడంతే. లేచి స్విచ్చు వేసింది నేను. యాసిన్ పెట్టె, అందులో సామాను తల్చుకుంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఊళ్ళోవాళ్ళ అమ్మానాన్నలకైతే పది నిమిషాల పని. మా నాన్న దగ్గరికొచ్చేసరికి చేతులు రాలేదు. సంగతి తెలిసి యాసిన్ తనే ఫోను చేస్తే, ఇన్ఫెక్షనుంది, పనికిరావన్నాను. నాన్న తల దగ్గర నిలబడే అన్నాను.

ఒంటిగంటకి నువ్వొచ్చావు. రెప్పలు నిమిరి "తీసుకెళ్ళార్రా?" అన్నావు. తలూపాను. ఎండిపోయిన దూది అప్పుడు నా జేబులో ఉంది.

సంతాప సభలో నువ్వు మైకు పట్టుకుని "మా నాన్న ఇంకా ఎక్కడో చూస్తూనే ఉన్నాడు" అని ఏడుస్తుంటే, పక్కనే కూర్చుని శాలువా కప్పించుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా! మొన్న మీ అత్తగారి దగ్గరికొచ్చిన యాసిన్‌తో "మా నాన్నవీ నువ్వే తీసుకెళ్ళావుగా" అంటే అతను మాట్లాడలేదని రాశావు. అది అతని పెద్దమనసు.

నాన్న ఫోను నా దగ్గరే ఉంది. పది నెలలుగా మోగినా ఎత్తలేదు. నీ ఉత్తరం చదివాక మొన్న గురువారం ఎత్తాను. అమృతలూరు నుంచి రంగమ్మగారని, భర్త పోయాడు. వెళ్ళాను. నా పాఠం మొదలెట్టబోతుంటే ఆవిడే అడిగింది.

"మా అబ్బాయి వద్దంటున్నాడండి. మీ నాన్నగారివి కూడా ఇచ్చారంట కదండీ?"

అవునంటే సరిపోయేది. నోరు రాలేదు.

"లేదమ్మా, ఇవ్వలేదు. ఆయన జీవితమంతా ఇదే అడిగాడు, నేను ఆయన దగ్గరే మాట తప్పాను. ఆపిన ఫ్యాను నేనే మళ్ళీ వేశాను. మా అక్కకి కూడా చెప్పుకోలేక చస్తున్నాను."

ఇక గెంటేస్తారనుకున్నాను. ఆవిడ నా వంక చూసింది, కొడుకు వంక చూసింది. గోడ పట్టుకుని లేచి వెళ్ళి ఫ్యాను ఆపేసింది. ఆ అబ్బాయి దూది తడపడానికి నీళ్ళు తెచ్చిచ్చాడు. యాసిన్ వచ్చేదాకా ఆ ఉక్కలోనే కూర్చున్నాను. చెమట తుడుచుకోబుద్ధి కాలేదు.

ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాక నీకు చెప్పకుండా ఎలా ఉండను? సంవత్సరీకానికి మైకులో నువ్వు మాట్లాడతానన్నావు. వద్దు. ఈసారి నాకివ్వు. జరిగింది అందరి ముందూ నేనే చెబుతాను. నువ్వు వస్తే చాలక్కయ్యా, నన్ను పలకరించకపోయినా సరే.

ఇట్లు,
నీ దగ్గర తలెత్తలేని తమ్ముడు,
త్రినాథ్