రాతిసందులో నుంచి గేటుకు

చంద్రమోహనప్పా,

పెనుకొండ కొండ కింద టికెట్ గేటు కాడుండే నీకు, పైన రాతిసందులో ఇరుక్కుని, పారాయణ పుస్తకం చివరి తెల్లకాగితం చించి రాస్తాండా. ఈడ ఫోన్లు పలకవు. ఈ చీటీ చేతులు మారుతా నీ కాడికి వస్తాది. మనుషులం మాత్రం కదల్లేం.

బాణం బోర్డులు పెట్టినోళ్ళు దేవుని కొండ ఎడమచేతికి వచ్చేట్టు దారి మళ్ళించినారు. "అట్ల తిరిగేది పీనుగ చుట్టూ, దేవుని చుట్టూ కాదు!" అని పొద్దున నేను గర్జిస్తి. సగం జనం నా వెంట కొండను కుడిచేతికి పెట్టుకుని ప్రదక్షిణ పట్టిరి. బాణాలు నమ్మినోళ్ళు ఎదురొచ్చిరి. ఈ సందులో ఒక మనిషి పట్టేదే కష్టం.

నా పక్కనున్న అంజినమ్మవ్వకు ఊపిరాడడం లేదు. వెనక్కి పోదాం రమ్మంటే, "ప్రదక్షిణ మధ్యలో వెనక్కి తిరిగితే పాపమని నువ్వే చెప్తివి గదా సామీ! సస్తే ఈడే సస్తా" అంటాది. ఆమె వెనకున్నోళ్ళంతా నా నోటివైపే చూస్తాండారు.

బాణాలది తప్పని ఇప్పటికీ అంటా. అయినా అవ్వను వీపున ఎత్తుకుని, అందరికన్నా ముందు నేనే వెనక్కి తిరుగుతా. ఆ పాపం నాకే తగలనీ.

కానీ మా వెనక జనం ఇంకా ఎక్కుతానే ఉండారు. గేటు మూసెయ్యప్పా.