గోడ లేని నీళ్ళు

జూలై 20, ఆదివారం

చేతిరాత బాగుండదు. అక్షరాలు గీత మీద నిలబడవు, ఒత్తులు తప్పుతాయి. నా బడి ఐదో తరగతితో సరి. ఆ తర్వాత చేతికి నాగలి వచ్చింది గాని పెన్ను రాలేదు. తప్పులుంటే మన్నించు.

ఈ పుస్తకం మా లావణ్య తెచ్చింది. "నాతో మాట్లాడవు, అమ్మతో మాట్లాడవు. దీంతోనన్నా మాట్లాడు తాతా" అని. ఏం మాట్లాడాలో...

కూతురి కూతురు. కర్నూలు యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం. చదువుతో పాటు, నేవీ ఆఫీసరు కావాలనుకునే కాలేజీ పిల్లలకు ఇచ్చే ట్రైనింగు. వాళ్ళమ్మ రాయచోటిలో బట్టల కొట్టు వదిలి రాలేదు. తాత తోడుంటేనే పంపిస్తానంది. వచ్చాను. వండుతాను. తెల్ల యూనిఫారం ఉతికి గంజి పెడతాను. ఇదే నా ఉద్యోగం.

జూలై 23

ఇంటాయన మస్తాన్ కింద ఉంటాడు. వీధి చివర టీ కొట్టు. ఈరోజు మెట్ల పక్క గోడ చూపించాడు. తుంగభద్ర పొంగి ఊరు మునిగిన ఏడు, నీళ్ళు నిలిచిన గీత. నా తలకంటే పైన ఉంది.

"సున్నం కొట్టినా పోదు పెద్దాయనా. యాదికి ఉండనీలే అని ఇడ్సిపెట్టినాం" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా ఊర్లో నీళ్ళు కిందికే పోతాయి. బోరు వేసే కొద్దీ ఇంకా కిందికి. నీళ్ళు మనిషి తల మీదికి రావడం... మెట్లు దిగేటప్పుడు ఆ గోడ వైపు చూడకుండా దిగుతున్నాను.

జూలై 27, ఆదివారం

లావణ్య మిద్దె మీద. రెండు చేతుల్లో రెండు జెండాలు. అటూ ఇటూ ఊపుతుంది, నోట్లో అక్షరాలు చెప్పుకుంటుంది.

కింది నుంచి మస్తాన్ భార్య - "కాకుల్ని తోల్తాండావా పాపా? వడియాలు యాడ పెట్టినావు?"

"ఓడకు మాట చెప్తాండా పిన్నమ్మా."

"యాడుండాది ఓడ?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి గ్రౌండుకు పోయాను. వీళ్ళు పడవ నడిపే కాలువకు ఇంకా నీళ్ళు వదల్లేదు. పిల్లలు నేల మీదే రెండు వరసలుగా కూర్చుని వెదురు కర్రలు తెడ్లలాగా లాగుతున్నారు. వాళ్ళకు నేర్పించే నేవీ ఆయన్ని చీఫ్ సార్ అంటారు. శ్రీకాకుళం తట్టు మనిషి. "లాగండమ్మా, లాగండి! ఇది దుమ్ము కాదు, సముద్రమనుకోండి!" దుమ్ము లేచి పిల్లలు కనబడకుండా పోయారు. నేను చెట్టు చాటున నిలబడి నవ్వుకున్నాను.

దుమ్ములో ఓడ నడిపినంత కాలం నాకేం భయం లేదు.

ఆగస్టు 2

ఊరి బయట రిజర్వాయరు నిండిందట. ఈ ఏడు ఈత పరీక్ష ఊర్లో స్విమ్మింగ్ పూల్‌లో కాదు, అక్కడే. చెక్క బల్ల మీది నుంచి దూకి, లోతు నీళ్ళల్లో కట్టిన ఎర్ర డ్రమ్ము దాకా ఈది తిరిగి రావాలి. పాసైతే విశాఖపట్నంలో ఓడ మీద ట్రైనింగు. ఓడ ఎక్కి వచ్చినవాళ్ళకే ఆఫీసరు ఇంటర్వ్యూలో లెక్క. తప్పితే ఇంతటితో సరి. మళ్ళీ ఏడు అనేది లేదు.

"ఏంది తాతా, మొగం అట్ల పెట్టినావు? నాకు ఈత రాదా ఏంది? నువ్వు నేర్పిందే గదా."

నేర్పాను. చేనులో దిగుడుబావి. వీపుకు ఎండిన సొరకాయ బుర్ర, నడుముకు తాడు, తాడు కొస నా చేతిలో. ఇప్పుడా బావిలో తుమ్మచెట్టు మొలిచింది.

ఆగస్టు 10, ఆదివారం

రిజర్వాయరులో మొదటి రోజు. తడి తలతో వచ్చింది. సంకటి ముద్ద చిదిపి చిదిపి వదిలేసింది. నంజుకునే ఊరిబిండి అంటే ప్రాణం - వేలు కూడా పెట్టలేదు.

అడగలేదు నేను. అడగడం నాకు రాదు.

ఆగస్టు 11

పొద్దున తనే చెప్పింది. జడ వేసుకుంటూ, అద్దంలో చూస్తూ.

"గోడ లేదు తాతా."

దూకడం బాగా దూకిందట. బావి గట్టు మీది నుంచి దూకి దూకి వచ్చిన పిల్ల. అందరూ చప్పట్లు కొట్టారట. తర్వాత కొంత ఈది, చెయ్యి చాపింది. గోడ తగలాలి. తగల్లేదు. బావిలో ఎటు ఈదినా నాలుగు బారలకు గోడ వస్తుంది. చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుని మళ్ళీ తిరగడం. చేతికి అదే అలవాటు. పూల్‌లో కూడా గోడే. ఇక్కడ చాపితే నీళ్ళు. ఇంకోసారి చాపినా నీళ్ళే. కాళ్ళు ఆగిపోయినాయంట... మునిగింది. పక్కన పడవలో పిల్లలు జుట్టు పట్టి లాగారు.

"అమ్మకు చెప్పద్దు. ఒట్టు పెట్టు."

పెట్టాను. దాని నెత్తిన చెయ్యి పెట్టి మరీ. జడకు రబ్బరు బిగించి లేచిపోయింది.

ఆగస్టు 14

ఏమీ లేదు. అన్నం మాడ్చాను.

ఆగస్టు 17, ఆదివారం

రావద్దంది. మస్తాన్‌ను బతిమాలి వాడి బండి మీద వెనకాలే పోయాను.

గట్టు ఎక్కి చూశాను. అవతలి ఒడ్డు లేదు. ఉందంటున్నారు - నా కళ్ళకు లేదు. గాలికి నీళ్ళు లేస్తున్నాయి, పడుతున్నాయి. పడుకున్న గొడ్డు డొక్క కదిలినట్టు.

మస్తాన్ నోరు తెరిచాడు. "అబ్బో! ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని, మన కొళాయికి రెండ్రోజులకొకసారి ఏందప్పా?"

చీఫ్ సార్ నన్ను చూశాడు. "ఏటండీ తాతగారూ, మీరూ దిగుతారేటి? మా వైపు పిల్లలు నడక కంటే ముందు ఈత నేర్సుకుంతారండి. మీ సీమోళ్ళకి నీళ్ళంటే తాగడానికే." పిల్లలందరూ నవ్వారు. లావణ్య నవ్వలేదు. నాకు జవాబు ఎప్పుడూ మర్నాడు తోస్తుంది.

ఈరోజు పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగారు. లావణ్య దూకింది. ఈదింది. తర్వాత చూశాను నేను. ఆ చెయ్యి. నీళ్ళల్లో పక్కకు చాపి తడుముతోంది. చీకట్లో అగ్గిపెట్టె కోసం తడిమినట్టు. అక్కడే ఆగింది. పడవ అంచు పట్టుకుని వచ్చింది. పెదాలు నీలం.

నేను తల తిప్పుకున్నాను.

ఆగస్టు 18

ఒక పని చేశాను.

లావణ్య క్లాసుకు పోయినాక చీఫ్ సార్ గదికి పోయాను. గడప దగ్గరే నిలబడ్డాను. ఆయన కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"వాళ్ళమ్మకు ఇష్టం లేదు సార్. పాపను నీళ్ళల్లో దింపద్దంటాంది."

"అమ్మగారే చెప్పారా?"

"చెప్పింది."

ఆయన చేతిలో పెన్ను కింద పెట్టాడు. నవ్వులాట లేదు ఈసారి. "ఇంట్లో వద్దన్న పిల్లని నాను దించలేనండి. మంచి పిల్ల. దూకడంలో దానికి సాటి లేరు. ఆ భయం ఒక్కటీ పోతే..." అని ఆగాడు. "సరే. మీ ఇష్టం."

అబద్ధం. వాళ్ళమ్మకు ఇదేదీ తెలియదు.

వచ్చేటప్పుడు ఒళ్ళు తేలికైంది. ఇన్నాళ్ళకు ఆకలేసింది. మస్తాన్ కొట్లో ఉగ్గాని తిన్నాను. "ఏం పెద్దాయనా, మొగంలో కళ వచ్చిందే!" అన్నాడు.

ఆగస్టు 20

పేర్లు చదివారట. దాని పేరు లేదు. ఎందుకని అడిగితే "ఇంట్లో అడుగమ్మా" అన్నాడట సార్.

చెప్పులు కూడా విప్పలేదు. ఫోను చెవి దగ్గర.

"నువ్వే గదమ్మా చెప్పింది? ఇంకెవురు చెప్తారు? తాత చెప్తాడా? తాత నోరే తెరవడు!"

అవతల నా కూతురి గొంతు గదంతా వినబడుతోంది. "నేను యాడ చెప్పినానే? ఆ సారు నంబరే నా కాడ ల్యా. ఒంటిమిట్ట రామయ్య సాక్షి!"

"దేవుని మీద పెట్టద్దు. నన్ను తీసకపోయి కొట్లో కూచోబెట్టల్లని నీకు మొదుట్నుంచీ ఉండాది."

"అట్ల మాట్లాడద్దు పాపా..."

పెట్టేసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. రాళ్ళు లేవు అందులో. ఏరుతూనే ఉన్నాను.

ఆగస్టు 21

కూతురు నాకు ఫోను చేసింది. ఏడుపు గొంతు. "నాయనా, నువ్వన్నా చెప్పు దానికి. దాన్ని ఆఫీసరు గుడ్డల్లో సూడల్లని దానికంటే ముందు నేను అనుకున్యా."

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే ఏంది నాయనా?"

పెట్టేశాను.

ఆగస్టు 22

జెండాలు చుట్టి అటక మీద వేసింది. ఉతకడానికి యూనిఫారం లేదు. అలవాటు కొద్దీ గంజి కాచాను. పారబోశాను.

"డిగ్రీ అయినాక రాయచోటికి పోదాం తాతా. కొట్లో చీరలు మడత పెట్టుకుంటా ఉంటా."

మామూలుగా అంది. అరిచినా బాగుండు. నీళ్ళకు దూరంగా, నా కళ్ళ ముందరే కూర్చుని ఉంది. అయినా దిగులు తగ్గలేదు, ఇంకో రకంగా పట్టుకుంది. దాని మొహం చూడాలంటే భయం.

ఆగస్టు 24, ఆదివారం

చెప్పాను.

అన్నం తింటూ ఉంది. నేను గోడకు చెప్పినట్టు చెప్పాను. "చెప్పింది మీయమ్మ కాదు. నేను."

"ఏంది?"

"సారుకు... నేనే."

ముందు నమ్మలేదు. "నువ్వా? నువ్వు పొయ్యి, సారుతో, మాట్లాడినావా?" తర్వాత అర్థమైంది. పళ్ళెం పక్కకు జరిపింది.

"నాకు భయం ల్యాదనుకున్యావా తాతా? భయపడుకుంటానే దిగుతాండా. నీ భయం గూడా నేనే మొయ్యల్లనా?"

మిద్దె మీదికి పోయింది. కొంతసేపటికి దాని మాటలు వినబడ్డాయి. "అమ్మా... తప్పయింది మా..."

ఆగస్టు 25

మళ్ళీ చీఫ్ సార్ గడప.

"నేను చెప్పింది అబద్ధం సార్. వాళ్ళమ్మ అనలేదు."

ఆయన లేచి నిలబడ్డాడు. "ఆటలనుకున్నారేటండీ? పరీక్ష నిన్ననే అయిపోనాది!"

అక్కడే నిలబడ్డాను. ఎంతకీ కదలకపోయేసరికి ఆయనే మెత్తబడ్డాడు. "జ్వరమొచ్చి తప్పిపోయినోళ్ళు ఇద్దరున్నారు. ఆళ్ళకి ఆదివారం పెడతన్నాను. అమ్మగారు నాతో మాట్లాడాలి. అప్పుడు చూస్తాను."

"లైఫ్ జాకెట్ ఇస్తారా సార్?"

"పరీక్షకి ఇవ్వరండి. పక్కనే పడవుంటాది."

కూతురికి ఫోను చేసి చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. మునిగిన సంగతి కూడా. ఒట్టు తప్పింది. అది సారు నంబరు అడిగి రాసుకుంది. ఆ తర్వాత సారుకు చేసి, మళ్ళీ నాకు చేసింది. "పంపీమని చెప్పినా నాయనా. నాకు భయం ల్యాకనా?" అంతే అంది.

ఆగస్టు 28

సాయంత్రం సాయంత్రం సార్ దగ్గర ప్రాక్టీసుకు పోతుంది, వస్తుంది. నాతో మాట లేదు. ఈరోజు యూనిఫారం నా ముందర పడేసి "గంజి ఎక్కువ పెట్టద్దు" అంది. నాకు చాలు.

ఆగస్టు 29

గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకుని.

"ఏం చేస్తాండావు పాపా?"

"గోడను మర్సిపోతాండా."

"కుదిరిందా?"

"నువ్వు మాట్లాడకుంటే కుదురుతాది."

కోపంగా అన్నదో, నవ్వుతూ అన్నదో... కళ్ళు మూసుకునే ఉంది. తెలియలేదు.

ఆగస్టు 31, ఆదివారం

గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. నీళ్ళకు వీపు పెట్టి.

పొద్దున బస్సు ఎక్కే ముందు చెప్పింది. "వస్తే రా. నా తట్టు మాత్రం సూడద్దు. నువ్వు సూస్తాంటే చెయ్యి నీ తట్టే వస్తాది." అందుకని ఇటు తిరిగాను. కళ్ళకు పని ఉండాలని ఈ పుస్తకం తీశాను. ముందర కంది చేలు, మోకాలెత్తు. ఎర్ర మట్టి. ఒక గొర్రెల మంద. గాలి వీపు మీద కొడుతోంది, తడి గాలి.

మస్తాన్ నా పక్కన నిలబడి అటు చూస్తున్నాడు.

జ్వరం వచ్చిన పిల్లలు ముందు ఈదారు. ఇద్దరూ పాసట.

ఈల.

"దూకింది పెద్దాయనా! భలే దూకింది!"

చప్పట్లు. ఇవి నాకు అక్కర్లేదు. దూకడం దానికి వచ్చు.

"పోతాంది... పోతాంది... బాగా పోతాంది."

పెన్ను జారుతోంది. చెమట.

"డ్రమ్ము ముట్టింది! తిరుక్కున్యాది!"

సగం. సగం అయింది. ఇంక రావడమే. వచ్చేటప్పుడే అలుపు. ఊపిరి కావాలనిపించేది ఇప్పుడే, చెయ్యి ఆనించాలనిపించేది ఇప్పుడే...

"వస్తాంది..."

"ఏమప్పా?" అన్నాను.

"ఉండు."

"మస్తాన్?"

పలకడం లేదు. నాలుగు అడుగులు ముందుకు పోయాడు, నీళ్ళ వైపు. పడవ మోటారు మోగుతోంది. ఊరికే పక్కన పోతోందా, దాని కోసం పోతోందా. ఎవరో కేక వేశారు. గాలికి మాట తెలియలేదు. పిల్లలందరూ లేచి నిలబడ్డట్టున్నారు, గులకరాళ్ళు జారుతున్న చప్పుడు.

నేను తిరగలేదు పాపా. మెడ లాగుతోంది, అయినా తిరగలేదు. నువ్వు వద్దన్నావు, ఇటే చూస్తున్నాను, కందిచేను చూస్తున్నాను. ఈసారి నీ మాట మీదే ఉన్నాను. కోపముంటే కోపంగానే పిలువు. తిట్టు. ఒక్క మాట. తొందరగా జవాబియ్యి తల్లీ, తొందరగా